పొగ పెడుతున్న పెల్లెట్ పొయ్యి: మూడు వారాల డైరీ

ఆగస్టు 30

మా అత్తమ్మ పిండివంటలు చేసి అమ్ముతుంది. మురుకులు, చెక్కలు, గరిజెలు, అడిగిన వాళ్లకు అరిసెలు. నల్లగొండలో మా చుట్టుపక్కల నాలుగైదు వీధుల వాళ్లు ఆమె దగ్గరే తీసుకుంటారు, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకూ పంపిస్తారు. గంటల తరబడి నూనె కాగాలంటే సిలిండర్ గిట్టుబాటు కాలేదు. అందుకే పోయిన సంక్రాంతి దాటాక పెల్లెట్ పొయ్యి కొన్నాం, పొట్టును గట్టిగా ఒత్తి చేసిన చిన్న గుళికలతో (పెల్లెట్లతో) మండేది. ఎండాకాలమంతా చక్కగా మండింది.

ఇప్పుడు మూడు వారాలుగా తిప్పలు పెడుతోంది. వెలిగించిన పది నిమిషాలకు పొగ మొదలవుతుంది. మంట పసుపుపచ్చగా, పొడుగ్గా, బద్ధకంగా ఊగుతుంది. బాండ్లి అడుగు మసి. అరగంట దాటితే ఆరిపోతుంది, కింద రాళ్లలాంటి గడ్డలు మిగులుతాయి. నిన్న నూనె వేడి నిలవక రెండు కిలోల మురుకులు నూనె పీల్చి మెత్తబడ్డాయి. అవి అమ్మలేదు. "పైసలు పోతే మళ్ల వస్తయ్ బిడ్డా, పేరు పోతే ఎట్ల?" అన్నది అత్తమ్మ.

సెప్టెంబరు 21న ఎంగిలిపూల బతుకమ్మ. అప్పటికి 40 కిలోల ఆర్డర్లున్నాయి. నేను డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివాను, ఇంట్లో వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఉంది. బాగు చేసే పని నేనే పెట్టుకున్నాను. ఏ రోజు ఏం చూశానో, ఏం మార్చానో రాసి పెట్టుకోకపోతే దేనివల్ల ఏం మారిందో తెలియదు, అందుకే ఈ నోట్‌బుక్.

పొయ్యి సంగతి: బయట ఒక స్టీలు డబ్బా, లోపల ఇంకో డబ్బా, రెంటి మధ్య వేలెడు సందు. లోపలి దాంట్లో కిలోన్నర పెల్లెట్లు పడతాయి. అడుగున జాలీ, దాని కింద బూడిద తీసే చిన్న తలుపు. పక్కన 12 వోల్టుల ఫ్యాను, దానికి అడాప్టరు, వేగం తిప్పే నాబ్.

ఏదీ ముట్టకముందే ఒక కొలత కావాలనుకున్నాను. గంజులో 5 లీటర్ల నీళ్లు పోసి, మూత పెట్టి, ఫ్యాను ఫుల్ మీద మరిగించాను. 34 నిమిషాలు పట్టింది. పొయ్యి కొత్తలో ఇదే గంజు, ఇవే నీళ్లు, 18 నిమిషాలు. అప్పుడు ఫోన్‌లో వీడియో తీశాను కాబట్టి ఆ లెక్క దొరికింది.

అత్తమ్మను కూడా అడిగాను, ఎప్పటినుంచి ఇలా ఉందని. "అరిసెల పాకం పొంగిన కాడినుంచి మంట సక్కగ లేదు" అన్నది. అది రాసుకున్నాను.

ఆగస్టు 31

ముందుగా పెల్లెట్లనే అనుమానించాను. వానలు పడుతున్నాయి, 25 కిలోల బస్తా వసారాలో నేలమీదే ఉంది, మూతి తెరిచి. చేత్తో తీస్తే వేళ్లకు పొడి అంటుకుంటోంది. మంచి పెల్లెట్ విరిస్తే టక్కున చప్పుడు చేయాలి, ఇవి మెత్తగా నలుగుతున్నాయి.

ఆడబిడ్డ దగ్గర కేకులు చేసే ఓవెన్ ఉంది. 200 గ్రాముల పెల్లెట్లు తూచి, 105 డిగ్రీల దగ్గర మూడు గంటలు పెట్టి, మళ్లీ తూచి, ఇంకో అరగంట పెట్టి, బరువు ఇక తగ్గడం లేదని చూసుకున్నాను. 171 గ్రాములు మిగిలింది. అంటే నూటికి 14.5 వంతులు నీళ్లే. పెల్లెట్లలో తేమ 10 శాతం లోపు ఉండాలి. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంటలో కొంత వేడి ఖర్చయిపోతుంది, మిగిలిన వాయువు మండడానికి చాలినంత వేడి ఉండదు.

సెప్టెంబరు 2

నిన్న, ఈరోజు మధ్యాహ్నం దాకా ఎండ కాసింది. డాబా మీద దుప్పటి పరిచి 10 కిలోలు ఎండబెట్టాను. తర్వాత పిండి జల్లెడ కాకుండా పెద్ద కన్నాల జల్లెడతో జల్లించాను. 10 కిలోల్లో కిలోకు పైగా పొడే రాలింది. ఈ పొడి మనం అనుకున్నంత చిన్న విషయం కాదు. పెల్లెట్ల మధ్య సందుల్లో కూరుకుని కింది గాలిని ఆపేస్తుంది, జాలీ సందుల్లోంచి జారి ఫ్యాను దారిలో కూడా పడుతుంది.

ఎండిన పెల్లెట్లతో 5 లీటర్లు: 29 నిమిషాలు. ఐదు నిమిషాలు కలిసొచ్చాయి. పొగ మాత్రం అలాగే ఉంది, మంట రంగు మారలేదు. తేమ ఒక కారణమే గానీ అసలు కారణం కాదు.

సెప్టెంబరు 5

నిన్న రాత్రినుంచి ముసురు. జల్లు లోపలికి కొడుతోందని అత్తమ్మ వసారా తడకలన్నీ దించి, వంటింటి తలుపు వేసి పొయ్యి వెలిగించింది. నేను బయటినుంచి వచ్చేసరికి తల పట్టుకుని కూర్చుని ఉంది. తల బరువుగా ఉందని, కడుపులో తిప్పుతోందని చెప్పింది. వెంటనే ఆమెను ముందర గదిలోకి తీసుకొచ్చి, తడకలు ఎత్తేసి, పొయ్యిని వాకిట్లోకి లాగేశాను. గాలి తగిలిన అరగంటకు కుదుటపడింది. అయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, అంతా బాగానే ఉందన్నారు.

చేతులు వణికాయి నాకు. పొగ కళ్లకు మండుతుంది కాబట్టి దాన్ని చూసి జాగ్రత్త పడతాం. కానీ సరిగ్గా మండని పొయ్యిలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గుల దశలో పొగే కనిపించదు, అప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. ఎవరింట్లో ఇలాంటి పొయ్యి ఉన్నా, బొగ్గుల కుంపటి ఉన్నా, మూసిన గదిలో వెలిగించకండి. చలికాలంలో అయినా సరే. వెలిగించినప్పుడు తల బరువెక్కితే ముందు మనిషిని బయటికి తీసుకురండి, పొయ్యి సంగతి తర్వాత.

ఇకనుంచి వాన పడితే వంట ఆగుతుంది, తడకలు మాత్రం దిగవు. అత్తమ్మ ఒప్పుకుంది.

సెప్టెంబరు 6

ఫ్యాను విప్పాను. రెక్కల మీద నూనె జిడ్డు, దాని మీద బూడిద, పెద్ద పొర. పాత టూత్‌బ్రష్‌తో గీకి, పొడి గుడ్డతో తుడిచాను. వేలితో తిప్పితే సాఫీగా తిరగడం లేదు, ఒకటిన్నర చుట్టుకే ఆగిపోతోంది. మధ్యలో స్టిక్కరు కింద బుష్‌లో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. ఇప్పుడు ఐదారు చుట్లు తిరిగి ఆగుతోంది.

తర్వాత అడాప్టరు. ఫ్యాను తీసేసి కొలిస్తే 12.1 వోల్టులు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, అడాప్టరు బాగుందని పక్కన పెట్టేస్తారు. ఫ్యాను కలిపి, అది తిరుగుతుండగా కొలిచాను. 8.4 వోల్టులు! బరువు మీద పడగానే కూలబడుతోంది. విప్పి చూస్తే లోపల వోల్టేజీని నిలకడగా ఉంచే కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. పొయ్యి పక్కనే వేడికి మూడు కాలాలు పడి ఉన్నందుకు ఆ గతి పట్టింది.

వోల్టేజీ పదింట ఏడు వంతులకు పడితే వేగం కూడా దాదాపు అంతే పడుతుంది. కానీ ఫ్యాను పుట్టించే ఒత్తిడి వేగానికి వర్గంగా మారుతుంది, అంటే సుమారు సగమే మిగులుతుంది. ఒక కిలోన్నర పెల్లెట్ల కుప్పలోంచి గాలి దూరాలంటే కావలసింది ఆ ఒత్తిడే.

సెప్టెంబరు 7

పాత వైఫై రూటరుది 12 వోల్టుల అడాప్టరు ఒకటి అటక మీద దొరికింది. ఫ్యాను తిరుగుతుండగా 11.9. చేతికి గాలి తగలడంలోనే తేడా తెలిసింది.

5 లీటర్లు: 24 నిమిషాలు. సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. పొగ తగ్గింది గానీ పోలేదు. గాలి పెరిగినందుకు నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. 35 నిమిషాలకు ఆరిపోయింది. చల్లారాక తిరగేస్తే జాలీ మీద మునుపటికన్నా పెద్ద గడ్డ, నా అరచేయంత.

సెప్టెంబరు 8

ఆ గడ్డను అత్తమ్మ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇది చిట్టెం బిడ్డా. మా నాయిన కొలిమిల గిట్లనే పడేది" అన్నది. అత్తమ్మ పుట్టింటివాళ్లు దేవరకొండ దగ్గర కమ్మరివాళ్లు. చిన్నప్పుడు తిత్తి ఊదింది ఆమే. గాలి మరీ ఎక్కువ కొడితే, బొగ్గులో మట్టి ఉంటే, కొలిమి అడుగున చిట్టెం కట్టి గాలి గొట్టం మూతిని మూసేసేదట. అప్పుడు వాళ్ల నాయిన కొలిమి ఆపి, చిట్టెం పగలగొట్టి తీసి, మళ్లీ వెలిగించేవాడట.

మా పొయ్యిలో జరుగుతున్నది సరిగ్గా అదే. గడ్డను సుత్తితో పగలగొడితే లోపల గాజులా మెరుస్తోంది. బూడిద కరిగి, ముద్దగా మారి, చల్లబడి గడ్డకట్టింది. మామూలుగా బూడిద పొడిగా జాలీ కిందికి రాలిపోవాలి. కరిగిందంటే రెండే కారణాలు: జాలీ దగ్గర వేడి మరీ పెరగడం, బూడిదలో కరిగే గుణం ఉండడం.

మొదటిది నేనే చేశాను, ఫ్యానుకు పూర్తి కరెంటు ఇచ్చి. రెండోది చూడాలి.

సెప్టెంబరు 9

బూడిద పరీక్ష. ఎండాకాలం బస్తాలో అడుగున మిగిలిన పెల్లెట్లు 100 గ్రాములు, ఇప్పటి బస్తావి 100 గ్రాములు. రెండు పాత ఇనుప మూకుళ్లలో వేసి, నిప్పుల మీద పెట్టి, నల్లటి ముక్క లేకుండా బూడిద అయ్యేదాకా కాల్చాను. సాయంత్రం అయింది. పాతవాటి బూడిద 4 గ్రాములు, కొత్తవాటిది 12 గ్రాములు. వంటింటి త్రాసు కాబట్టి ఒక గ్రాము అటూఇటూ అనుకున్నా, తేడా తేడానే.

అమ్మినతనికి ఫోన్ చేశాను. ముందు అంతా పల్లి పొట్టే అన్నాడు. బూడిద లెక్క చెప్పాక నిజం చెప్పాడు. పల్లి పొట్టు పాలమూరు వైపునుంచి వస్తుంది. అక్కడ పల్లి ఎక్కువగా యాసంగి పంట, కాబట్టి ఎండాకాలంలో పొట్టు దండిగా దొరుకుతుంది. వానాకాలం వచ్చేసరికి కరువు. అందుకని వడ్ల ఊక కలిపారట. మిర్యాలగూడ రైసు మిల్లులుండగా మా జిల్లాలో ఊకకు కొదవ లేదు.

ఊక కాలితే ఐదో వంతు దాకా బూడిదే మిగులుతుంది, అందులో ముఖ్యంగా ఉండేది సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. ఒట్టి సిలికా అంత సులువుగా కరగదు. పల్లి పొట్టు బూడిదలో పొటాషియం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే చాలా తక్కువ వేడికే కరిగి గాజు అవుతాయి. పల్లి పొట్టుకు అంటుకొచ్చే మట్టి దానికి తోడు. ఊక చెడ్డదని నేను అనను, దానికి తగ్గ పొయ్యిలో అది బాగానే మండుతుంది. మా పొయ్యి జాలీ దానికి పనికిరాదు, అంతే. కానీ కలిపినప్పుడు ఆ మాట కొనేవాళ్లకు చెప్పాలి. మూడు వారాల పని, ఒక మనిషి ఆరోగ్యం దాని మీద ఆధారపడి ఉన్నాయి.

సెప్టెంబరు 11

రంపపు మిల్లు పొట్టుతో చేసిన పెల్లెట్లు రెండు బస్తాలు తెప్పించాను. కట్టె పొట్టులో బూడిద చాలా తక్కువ. తీసుకునే ముందు బస్తా విప్పించి ఒక గుప్పెడు నీళ్లలో వేశాను. గట్టిగా ఒత్తిన పెల్లెట్ నీళ్లలో మునగాలి, ఇవి మునిగాయి. కొద్దిసేపట్లో ఉబ్బి పొడి అయిపోయాయి, అది సహజమే.

5 లీటర్లు: 22 నిమిషాలు. చిట్టెం గడ్డ లేదు, బూడిద పొడిగా రాలింది. గంట దాకా ఆరలేదు.

కానీ పొగ. ఇంకా పొగ. బాండ్లి అడుగు ఇంకా నల్లగానే ఉంది.

సెప్టెంబరు 12

పొద్దున అత్తమ్మ పొయ్యి పక్కన కూర్చుని మంటలోకి చూస్తూ అన్నది: "గీ పక్క మంట ఉన్నది, గా పక్క లేదు. గాలి దారి సూడు బిడ్డా." నిజమే. మంట డబ్బా అంతా కాకుండా ఒక పక్కకు ఒరిగి ఉంది. పొగ రెండో పక్కనుంచి వస్తోంది. నేను గడియారాన్ని చూశాను, మీటరును చూశాను, త్రాసును చూశాను, మంటను ఇంత శ్రద్ధగా చూడలేదు.

రాత్రి కూర్చుని గాలి దారి కాగితం మీద గీశాను. ఫ్యాను ఊదే గాలి రెండుగా చీలుతుంది. ఒక పాయ జాలీ గుండా పెల్లెట్ల కిందికి పోతుంది. ఆ కొద్ది గాలికి పెల్లెట్లు పూర్తిగా మండవు, మాగుతాయి, వాయువు వదులుతాయి. కట్టె గానీ పొట్టు గానీ, బరువులో సుమారు ముప్పాతిక వంతు ఇలా వాయువుగానే బయటికొస్తుంది. రెండో పాయ డబ్బాల మధ్య సందులో పైకెక్కి, దారిలో వేడెక్కి, లోపలి డబ్బా పై అంచు చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి దూసుకొచ్చి ఆ వాయువును మండిస్తుంది. మనం చూసే మంట అక్కడ పుట్టేదే. పై గాలి అందకపోతే ఆ వాయువే పొగ అవుతుంది. కళ్లు మండించేది, గోడలకు పట్టేది, బాండ్లికి అంటేది మనం డబ్బు పెట్టి కొన్న ఇంధనమే.

పై చిల్లులు. ఆగస్టు 30 పేజీ తిప్పాను. "అరిసెల పాకం పొంగిన కాడినుంచి."

సెప్టెంబరు 13

పొయ్యి పూర్తిగా చల్లారాక పై రింగు విప్పాను. నాలుగు స్క్రూలు, అందులో రెండు వేడికి పట్టేసి ఉంటే కొబ్బరినూనె వేసి గంట ఆగి తీశాను. మొబైల్ లైటు లోపల పెట్టి బయటినుంచి చూస్తూ లెక్కపెట్టాను. మొత్తం 40 చిల్లులు. వెలుతురు వచ్చినవి 23. మూసుకుపోయిన 17లో 15 ఒకే పక్కన, పిడి వైపు. ఆ రోజు బెల్లం పాకం పొంగి కారింది ఆ పక్కనే.

మాడిన బెల్లం రాయిలా ఉంది. వేడి నీళ్లలో నానబెట్టినా కదలలేదు, బొగ్గు అయిపోయింది కదా, కరగదు. చిల్లులు 5 మిల్లీమీటర్లు. అదే సైజు డ్రిల్ బిట్ తీసుకుని, మిషనుకు పెట్టకుండా, చేత్తో నిదానంగా తిప్పుతూ ఒక్కొక్కటీ తెరిచాను. మిషను పెడితే చిల్లు పెద్దదవుతుంది. పెద్దదైతే గాలి వేగం పడిపోతుంది, అప్పుడు అది వాయువులోకి దూసుకెళ్లదు. 17 చిల్లులకు రెండు గంటలు పట్టింది. తర్వాత డబ్బాను తలకిందులు చేసి తడితే సందులోంచి రెండు గుప్పెళ్ల పొడి, బూడిద రాలాయి.

సెప్టెంబరు 14

బిగించే ముందు గాలి ఇంకెక్కడైనా పోతోందా అని చూశాను. పెల్లెట్లు వేయకుండా ఫ్యాను పెట్టి, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట నెమ్మదిగా తిప్పాను. రింగు దగ్గర పొగ నిలకడగా ఉంది. బూడిద తలుపు దగ్గరికి రాగానే పొగ బయటికి చెదిరిపోయింది, కింది వైపు మొత్తం. అక్కడి తాడు నలిగి, సగం ఊడిపోయి ఉంది. లోపలికి పోవాల్సిన గాలి మన కాళ్ల మీదికి వస్తోందన్నమాట.

హార్డ్‌వేర్ షాపులో ఆస్బెస్టాస్ తాడు చూపించారు. వద్దన్నాను. దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. గ్లాస్ ఫైబర్ తాడు అడిగి మూడు అడుగులు తెచ్చాను. పాతది గీకేసి, వేడికి ఆగే సీలెంటుతో కొత్తది అతికించి, తలుపు మూసి రాత్రంతా వదిలేశాను.

సెప్టెంబరు 15

అగరుబత్తి పొగ తలుపు దగ్గర కదలలేదు.

కిలోన్నర రంపపు పొట్టు పెల్లెట్లు వేశాను. పైన రెండు కొబ్బరి పీచు ముద్దలు, నాలుగు కర్పూరం బిళ్లలు. పైనుంచే వెలిగించాలి, కిందినుంచి కాదు. ఫ్యాను చాలా తక్కువ మీద పెట్టి, పై పొర అంటుకున్నాక నిదానంగా పెంచాను. మూడో నిమిషంలో మంట చిల్లు చిల్లుకూ విడిపోయి, డబ్బా చుట్టూ పొట్టి మంటల వరుస కట్టింది. "తంగేడు పేర్చినట్టున్నది" అన్నది అత్తమ్మ. మంట కింది భాగంలో లేత నీలం. పొగ లేదు. నేను మొహం దగ్గరగా పెట్టి చూశాను, కళ్లు మండలేదు.

5 లీటర్లు: 17 నిమిషాలు. కొత్తలోకన్నా ఒక నిమిషం ముందే. ఫ్యాను ఫుల్ కూడా కాదు, నాబ్ ముప్పాతిక మీదే.

సెప్టెంబరు 16

ఊక కలిసిన పాత బస్తాను పారేయలేదు. ఎండబెట్టి, జల్లించి, రంపపు పొట్టువాటిలో మూడింట ఒక వంతు కలిపి చూశాను. 19 నిమిషాలు. నాబ్ సగం దాటనివ్వకపోతే చిట్టెం పెద్దగా కట్టలేదు, గోలీ అంత ముక్కలు నాలుగైదు. స్నానాల నీళ్లకు ఇది చాలు. వంటకు వాడం.

సెప్టెంబరు 19

ఆర్డర్ల పని మొదలైంది. నిన్న, ఈరోజు కలిపి 22 కిలోలు. నూనె వేడి నిలుస్తోంది. మురుకు వేయగానే తేలుతోంది, కాగితం మీద పెడితే మరక చిన్నగా పడుతోంది. మొదటి వాయి అత్తమ్మ కొరికి చూసి ఏమీ అనలేదు, రెండో వాయికి పిండి ఒత్తడం మొదలుపెట్టింది. నాకు అది చాలు.

చేసిన ఏర్పాట్లు: పెల్లెట్లు మూత ఉన్న స్టీలు డ్రమ్ములో, డ్రమ్ము చెక్క పీట మీద. అడాప్టరు పొయ్యికి రెండు గజాల దూరాన, గోడకు. దానికి తోడు కొత్తది ఇంకొకటి కొని పెట్టాను. వారానికోసారి అగరుబత్తి, మొబైల్ లైటు, చిల్లుల లెక్క. పాకం ఇక గ్యాస్ పొయ్యి మీదే.

సెప్టెంబరు 20

మిగిలిన 18 కిలోలూ మధ్యాహ్నానికి అయిపోయాయి. ఒక్కో వాయి పెల్లెట్లు గంటా ఐదు నిమిషాలు మండాయి.

ఇంకా తేలనిది ఒకటి ఉంది. చివరి పది నిమిషాల్లో మంట పోయి ఎర్రటి బొగ్గులే మిగులుతాయి, నూనె వేడి దిగుతుంది. అప్పుడు పైనుంచి కొత్త పెల్లెట్లు పోస్తే మళ్లీ పొగ. రెండో లోపలి డబ్బా ఒకటి చేయించి, ఒకటి బొగ్గుల మీదికి రాగానే దాన్ని దింపి, ముందే నింపి పెట్టుకున్నది ఎక్కించే వీలుందేమో చూడాలి. కొలతలు కాగితం మీద వేసి పెట్టాను. పండగ కాగానే వెల్డింగ్ షాపుకు వెళ్తాను. దింపిన డబ్బా ఎక్కడ పెట్టాలనేది ముందు తేల్చుకోవాలి, అది బయటే, గాలి ఆడే చోటే ఉండాలి.

అత్తమ్మ పిలుస్తోంది, రేపటికి తంగేడు పువ్వు తేవాలట.